గుమ్మడికాయ కింది చీటీ

మొన్న ఒక పెళ్ళికి పోతే కన్వెన్షన్ హాలు గేటు దగ్గరే నాకు పేచీ మొదలైంది. ఎర్ర టోపీ పెట్టుకున్న పిల్లవాడొకడు పరుగెత్తుకొచ్చి కారు తాళంచెవి ఇమ్మన్నాడు. ఎందుకయ్యా అంటే, బండి తానే తీసుకెళ్ళి పెట్టొస్తాడట. ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో బండి పెట్టి నేను లోపలికి పోయి నిశ్చింతగా భోజనం చెయ్యాలట. మా అబ్బాయి సిగ్గుతో సగం చచ్చిపోయి, అందరూ ఇస్తారమ్మా అని గొణిగాడు. అందరూ ఇస్తారనే కదా నా అనుమానం. చివరికి రోడ్డవతల బండి మేమే పెట్టుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచి వచ్చాను.

లోపలి గుమ్మం దగ్గర ఇంకో పేచీ. పన్నీరు చల్లాల్సిన చోట ఒక అమ్మాయి బల్ల వేసుకుని కూర్చుంది. నా చేతికి చీటీ ఇచ్చి, లక్కీ డ్రా ఉందాంటీ, పేరు, ఊరు, నంబరు రాసి డబ్బాలో వెయ్యండి అంది. ఫోన్ నంబరే అడిగింది పాపం. కానీ నంబరు అన్న మాట వింటే ఈ వయసులో కూడా నా గుండె ఝల్లుమంటుంది. తలెత్తి చూస్తే గుమ్మం మీద జనపనార ఉట్టిలో బూడిద గుమ్మడికాయ వేలాడుతూ ఉంది. దాని కింద నేను, నా చేతిలో చీటీ. పెన్ను మూత పెట్టేసి, చీటీని మడిచి సంచిలో పడేసి లోపలికి నడిచాను. ఆ అమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఇంట్లో అందరూ నాది అనుమానపు పుట్టుక అంటారు. పుట్టుకతో వచ్చింది కాదు. పన్నెండో ఏట నేర్చుకున్నాను.

మా ఊరు మొయినాబాద్ దాటి చేవెళ్ల పోయే తోవలో, రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉండేది. ఏ ఊరని అడగకండి, చెప్పను. అప్పట్లో చేవెళ్లలో సర్కారువాళ్ళు ఒక పెద్ద హాలు కట్టారు. పక్కన మైదానం. హాలులో సభలు, పెళ్ళిళ్ళు, కళ్ళ పరీక్షలు. మైదానంలో పశువుల మేళా, రైతు మేళా. వాటిని నడిపించే పని ఏడాదికోసారి చుట్టుపక్కల ఊళ్ళ పెద్దల చేతిలో పెట్టేవారు. ఆ ఏడు ముగ్గురికి వచ్చింది. చేవెళ్ల నుంచి ఒకాయన, మొయినాబాద్ నుంచి ఒకాయన, మూడో మనిషి మా బాపు.

ముగ్గురూ మంచివాళ్ళే. ఒకరినొకరు నమ్మకపోవడం ఒక్కటే వాళ్ళకున్న జబ్బు. హాలులో కుర్చీలు, పంఖాలు, మైకు పెట్టె ఉండేవి. ఎవరి దగ్గర తాళంచెవి ఉంటే వాడు రాత్రికి రాత్రే కుర్చీలు ఇంటికి మోసుకుపోతాడని మిగతా ఇద్దరి భయం. అందుకని తలుపుకు మూడు తాళాలు వేశారు. ముగ్గురూ వస్తేనే హాలు తెరుచుకుంటుంది. బాపు తన తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. స్నానానికి పోయినప్పుడు కూడా విప్పేవాడు కాదు. మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, అది చూసి, నీ పెండ్లాన్ని కూడా గంత జాగర్తగ చూసుకోలే గదరా అని నవ్వేది.

హాలులో మొదటి పెళ్ళినాడు ఏమైందో చెబితే మీకు నవ్వొస్తుంది. పెళ్ళివారు తెల్లారేసరికి దిగారు. రెండు తాళాలు తీశారు. మూడోది మొయినాబాద్ ఆయనది. ఆయనేమో పన్ను పీకించుకోవడానికి మొదటి బస్సుకే పట్నం పోయాడు. ముహూర్తం దగ్గర పడుతోంది. పెళ్ళికూతురు బాసికం కట్టుకుని హాలు మెట్ల మీద కూర్చుంది. డోలు కొట్టేవాళ్ళు ఒకసారి కొట్టి, ఒకసారి ఆపి, అందరి మొహాలూ చూస్తున్నారు. పెళ్ళికొడుకు తండ్రి బాపును అనరాని మాటలన్నీ అంటున్నాడు.

అప్పుడొచ్చాడు మా చిన్నాయిన. బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. నోట్లో బీడీ, భుజం మీద తువ్వాల, దేనికీ ఫికర్ పెట్టుకునే మనిషి కాదు. వచ్చి తలుపు చుట్టూ చూశాడు. "తలుపుకు మూడు తాళాలేసిండ్రు. మరి బందులకేమేసిండ్రు?" అని, బండిలోంచి గడ్డపార తెచ్చి, తలుపు తిరిగే బందుల మేకులు రెండూ పైకి లేపి, తాళాలు తాళాల్లాగే ఉండగా తలుపును పక్కకు తీసి గోడకు ఆనించాడు. జనం ఒకటే నవ్వు. పెళ్ళి జరిగిపోయింది.

ఆ హాలులో ఎనిమిది పంఖాలున్నా, నెత్తిన సిమెంటు కప్పున్నా, పందిరి లేని పెళ్ళి పెళ్ళేనా అని ఆడవాళ్ళు పట్టుబట్టారు. లోపలే పందిరి వేశారు. సిమెంటు నేలలో గుంతలు తవ్వలేరు కనక డాల్డా డబ్బాల్లో మట్టి నింపి గుంజలు పాతారు. పైన నేరేడు కొమ్మలు, మామిడి తోరణాలు. కొత్త సున్నం వాసనా, పచ్చి ఆకుల వాసనా, బయట దేగిసాలో ఉడుకుతున్న బగారన్నం వాసనా కలిసి ఆ హాలంతా నిండిపోయింది. మేం పిల్లలం స్టేజీ కింద దూరి, పైన మంత్రాలు చదువుతుంటే కింద బూందీ పంచుకుని తిన్నాం. ఒకడికి దగ్గొచ్చి పట్టుబడ్డాం కూడా.

ఆ సాయంత్రం నుంచే చిన్నాయిన మీద అనుమానం మొదలైంది. బందులు తీసే ఉపాయం తెలిసినవాడు ఎప్పుడైనా లోపలికి రాగలడు కదా అని మిగతా ఇద్దరూ బాపు చెవిలో ఊదారు. బాపు అప్పుడు వాళ్ళ మీద కసిరాడు. కానీ చెవిలో పడ్డ మాట ఊరికే పోదు.

చలికాలం రాగానే రైతు మేళా పని మీద పడింది. కాయగూరల పోటీ పెడతారట. ఎవరి చేనులో పెద్ద కాయ కాస్తే వాళ్ళకు బహుమతి. మొదటి బహుమతి మందు కొట్టే ఇత్తడి పంపు. వ్యవసాయం సారు ఊరూరా తిరిగి చెప్పాడు. చిన్న మంగళారం, సురంగల్, మా దగ్గరి ప్రొద్దుటూరు దాకా పోయాడు. పోయిన ప్రతిచోటా కుర్చీ వేశారు, చాయ తాగించారు, తప్పకుండా తెస్తామన్నారు. ఆయన పోగానే కుర్చీ లోపల పెట్టుకుని అనుమానపడ్డారు.

అనుమానం రెండు రకాలది. మొదటిది దిష్టి. కాసిన కాయల్లో మంచిదాన్ని ఆకు చాటున దాచుకుంటాం గానీ, తీసుకుపోయి పదూళ్ళ కళ్ళ ముందు ఎవడైనా పెడతాడా? రెండోది ఇంకా పెద్దది. కాయతో పాటు ఒక చీటీ రాసివ్వాలన్నారు. రైతు పేరు, ఊరు, ఆ కాయ కాసిన భూమి సర్వే నంబరు. అంతే, ఊళ్ళన్నీ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టాయి. కాయ జూడనీకి నంబరెందుకు? శిస్తు పెంచనీకి అన్నాడొకడు. కాదు, భూమి గుంజుకోనీకి అన్నాడింకొకడు. మా ఇంటి అరుగు మీద నెల రోజులు ఇదే ముచ్చట. కాయ అడిగినోనికి కాయ ఇయ్యొచ్చు గాని నంబరడిగినోనికి నీళ్ళు సుత ఇయ్యొద్దు అని ఒక ముసలాయన తీర్పు చెప్పాడు. బాపు ఎంత నచ్చజెప్పినా వినలేదు. పైగా, నీకేం ముట్టింది అన్నట్టు చూశారు.

నంబరు విలువ నాకు అప్పటికే తెలుసు. మా అవ్వకు చదువు రాదు. బావికింది మడి అంటే ఆమెకు ప్రాణం. ఎవడో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఆ మడిని ఎత్తుకుపోతాడని ఆమె భయం. నాకు తల దువ్వేటప్పుడు ఆ మడి నంబరును ఎక్కంలాగా నేర్పింది. జడ అల్లుతూ, ఒక్కో పాయకు ఒకసారి చెప్పించేది. తప్పు చెబితే జడ పట్టి గుంజేది. చివర్న రిబ్బను ముడి వేస్తూ ఒకటే మాట: "యాది మర్వకు. ఎవ్వలకు చెప్పకు." ఆ నంబరు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఇక్కడ మాత్రం రాయను.

మేళా రోజు రానే వచ్చింది. మైదానంలో బల్లలు వేసి తెల్ల దుప్పట్లు పరిచారు. పొద్దెక్కినా బల్లలు బోసిగానే ఉన్నాయి. వచ్చినవి ఏంటయ్యా అంటే, నాలుగు పుచ్చు వంకాయలు, ఒక గిడస సొరకాయ, గంపెడు బంతిపూలు. ఒక రైతు ఉల్లిగడ్డ తెచ్చి, బల్ల మీద పెట్టకుండా పిడికిట్లోనే పట్టుకుని నిలబడ్డాడు. జిల్లా నుంచి పెద్ద అధికారులు మధ్యాహ్నానికి వస్తారు. మిగతా పెద్దలిద్దరూ ఇదంతా బాపు తలకెత్తుకున్న పనే అన్నట్టు చల్లగా పక్కకు జరిగారు. బాపు బల్లల మధ్య ఒక్కడే అటూ ఇటూ తిరుగుతున్నాడు. మా బాపు ఎవరి ముందూ తల దించని మనిషి. ఆ పొద్దున ఆయన దుప్పటి ముడతలు సరిచేస్తూ తల దించుకుని ఉండడం చూసి నాకు ఏడుపొచ్చింది.

చిన్నాయిన పచ్చిగడ్డి కోసమని బండి కట్టుకుని ఊరికి పోతుంటే నేనూ ఎక్కాను. నేరుగా మడి దగ్గరికి పరుగెత్తి అవ్వకు చెప్పాను, బాపు ఇజ్జత్ పోతున్నదని. అవ్వ కొంగు నడుముకు చుట్టి, బావి వెనక గుమ్మడి తీగ దగ్గరికి పోయింది. అక్కడ ఆకుల కింద, గడ్డి చుట్టకుదురు మీద, పాత గోనెపట్టా కప్పుకుని ఉంది బూడిద గుమ్మడికాయ. విత్తనానికి విడిచిన కాయ. దాన్ని మా ఇంట్లో కూడా ఎవరికీ చూపించేది కాదు. చంకలో మేకపిల్లంత ఉంటుంది.

"దిష్టి దీసే కాయకు దిష్టేందే అవ్వా" అని నేను ఎప్పుడూ ఎక్కిరించేదాన్ని. ఆ రోజు ఎక్కిరించలేదు.

అవ్వ కొడవలితో తొడిమ కోసింది. కోసి కాసేపు దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. తర్వాత నా భుజం మీదికి ఎత్తుతూ చెప్పింది: "కాయ నా కొడుకు కోసం ఇస్తున్న. నంబరు మాత్రం రాయకు. నోటికేదొస్తె అది రాయి." చిన్నాయిన బండి పగ్గాలు పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఆయన కూడా విన్నాడు.

బండి దాకా మోసేసరికి నా భుజమంతా తెల్లని బూడిద. రవిక మీద, జడ మీద, మెడ మీద. చిన్నాయిన నవ్వి, గుమ్మడికాయ దొంగ లెక్కున్నవు పో అన్నాడు.

ఆ కాయ బల్ల మీద పెట్టగానే మైదానం మొత్తం చుట్టూ మూగింది. ఇక చూడండి తమాషా. భయం కన్నా రోషం పెద్దది కదా. మా దాని ముందర ఇదెంత అని ఒకడన్నాడు. మరి తే చూస్తం అని ఇంకొకడు. సైకిళ్ళ మీద, బండ్ల మీద పరుగులు తీశారు. రెండు గంటల్లో బల్లల మీద చోటు లేదు. ఎక్కడ దాచారో అంతకాలం, మోకాలెత్తు ముల్లంగులు, గంపంత క్యాబేజీలు, ఎర్రగా నిగనిగలాడే గాజరగడ్డలు. దిష్టి తగలకుండా ఒక్కోదానికి నల్లదారం, ఎండుమిర్చి. ఒకాయన తన సొరకాయకు కాటుక బొట్టు కూడా పెట్టాడు. బాపు మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. మైకు పట్టుకుని గొంతు పోయేలా మాట్లాడాడు.

నా చేతిరాత బాగుంటుందని చీటీలు రాసే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. వచ్చిన ప్రతి రైతూ పేరు గట్టిగా చెప్పాడు, ఊరు గట్టిగా చెప్పాడు, నంబరు దగ్గరికి రాగానే ఆకాశం వైపు చూశాడు. కాసేపు ఆలోచించి ఏదో ఒక అంకె చెప్పాడు. ఒకాయన వెనక్కి తిరిగి, మీ పాలోని భూమి నంబరెంతరా అని పక్కవాడిని అడిగి మరీ వాడి దాయాది నంబరు రాయించాడు. ఒకాయన చెప్పిన నంబరు మా ఊరి శ్మశానం, బొందలగడ్డదని నాక్కూడా తెలుసు. నవ్వాపుకుని రాశాను. చిన్నాయిన తెచ్చిన కాకరకాయలకు ఆయన కూడా నీళ్ళు నిలిచే చెరువు శిఖం నంబరు చెప్పి నాకు కన్ను గీటాడు. ఆ మేళాలో ఉన్న కాయగూరలన్నీ చీటీల ప్రకారం చెరువులోనో, బండల మీదో, పగవాడి పొలంలోనో కాసినవే.

మా అవ్వ కాయకు నేను మొదట రోడ్డు మీది మైలురాయి అంకె రాశాను. అది చేతిలో ఉండగానే వ్యవసాయం సారు మైకులో చెప్పాడు. మొదటి బహుమతి వచ్చిన చేనును నంబరు ప్రకారం వెతికి చూస్తారట. నంబరు తప్పని తేలితే బహుమతి వెనక్కు. బాపు తల్లి కాయే దొంగ నంబరుదని తేలితే బాపు గతేమిటి? పైగా బళ్ళో పంతులు అబద్ధం ఆడరాదని రోజూ చెప్పేవాడు. చీటీ చించేసి, కొత్త చీటీ మీద, నా ఆయుష్షులో అంత అందంగా మళ్ళీ ఎన్నడూ రాయలేదు, అవ్వ జడలో అల్లిన నంబరును ఒక్కో అంకే దిద్ది రాసి గుమ్మడికాయ కింద పెట్టాను. ఇందులో సగం నిజాయితీ, సగం ఇత్తడి పంపు మీద ఆశ. దాచడమెందుకు.

మేళాలో అందరూ అందరినీ అనుమానించారు. అధికారులను అనుమానించారు, టేపు పట్టుకు తిరిగే సారును అనుమానించారు, ఫోటోలు తీసేవాణ్ణి అనుమానించారు. ఒక్క మనిషిని మాత్రం ఎవరూ అనుమానించలేదు. నల్ల గొడుగు పట్టుకుని వచ్చిన పట్నం ఆయన. ఎంత మర్యాదస్తుడో. చెప్పులు విడిచి బల్లల దగ్గరికి వచ్చేవాడు. కాయను ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. ఈ మట్టి బంగారం అనేవాడు. పిల్లలందరికీ చెరుకు రసం తాగించాడు. చిన్నాయినకు సిగరెట్టు ఇచ్చి, చాలాసేపు ఎద్దుల గురించి ముచ్చటపెట్టాడు. నా దగ్గరికి వచ్చి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయమ్మా, ఎవరు నేర్పారు అన్నాడు. నేను ఉబ్బిపోయాను. చిన్న డైరీ తీసి గుమ్మడికాయ కింది చీటీని చూసి రాసుకున్నాడు. ఎండ కళ్ళలో పడుతుంటే, జర గొడుగు పట్టమ్మా అన్నాడు. ఆయన రాసుకుంటున్నంతసేపూ గొడుగు పట్టింది నేనే.

మొదటి బహుమతి అవ్వ కాయకే వచ్చింది. చేను చూడడానికి మాత్రం ఎవరూ రాలేదు. సాయంత్రం అవ్వ మైదానానికి వచ్చి, జనం ముట్టుకుంటున్న కాయను కొంగుతో కప్పి, నా చెవి దగ్గర వంగి, ఏం నంబరు రాసినవే అని అడిగింది. మైలురాయిది రాసిన అన్నాను. ఆ రోజంతా నేనాడిన అబద్ధం అదొక్కటే.

కొన్నాళ్ళు గడిచాయి. నువ్వులు కోసే రోజులు. ఒకనాడు పొద్దున్నే మడి దగ్గర భూమి కొలిచే గొలుసులు పట్టుకున్న మనుషులు కనిపించారు. వెనక గొడుగాయన. ఆ నంబరులో సగం మా తాత అన్న కొడుకు పేరున ఉంది. ఆయన ఎప్పుడో పట్నం పోయినవాడు, ఊరి ముఖం చూసి ఎరగడు. ఆయన భాగం కూడా ఏళ్ళ తరబడి మేమే దున్నుకుంటున్నాం. గొడుగాయన నంబరు పట్టుకుని దఫ్తరులో కాగితాలు తిరగేసి, పట్నంలో ఆ మనిషిని వెతికి పట్టి, ఆ సగం కొనేశాడు. ఇక్కడి నేలలో ఏం పండుతుందో మేళా పెట్టి మరీ మేమే చూపించాం కదా. తర్వాత తెలిసిందేమంటే, ఆయన డైరీలో రాసుకున్న మిగతా నంబర్లు కూడా పట్టుకుని తిరిగాడట. ఒకటి చెరువులో తేలింది, ఒకటి బొందలగడ్డలో తేలింది. విసిగిపోయి ఊరుకున్నాడు. దొరికింది మాదొక్కటే.

కొలిస్తే బావి ఆయన సగంలోకి పోయింది. ముళ్ళతీగ వేశారు. అవ్వ తీగ ఇవతల నిలబడి, అవతల ఎండిపోతున్న గుమ్మడి పాదును రోజూ చూసి వచ్చేది. ఎవరితోనూ కొట్లాడలేదు. నీళ్ళు లేని మా సగం రెండేళ్ళకు బీడైంది. మూడో ఏడు అదీ ఆయనకే పోయింది. గురుగులో బూడిద కలిపి దాచిన గుమ్మడి విత్తనాలను అవ్వ పెరట్లో పెట్టి చూసింది. తీగ పాకింది గానీ కాయ నిలవలేదు. ఆ మరుసటి ఏడు అవ్వ కూడా పోయింది.

కానీ నేను చెప్పదలుచుకున్నది భూమి గురించి కాదు. ముళ్ళతీగ వేసిన రోజు మధ్యాహ్నం మా ఇంటి వసారాలో జరిగినదాని గురించి.

బాపు మేళా చీటీల కట్ట తెచ్చి విప్పాడు. అన్నీ ఉన్నాయి. అవ్వ కాయ చీటీ ఒక్కటే లేదు. మేళా అయ్యాక బల్లలన్నీ సర్ది చీటీలు ఏరి కట్టకట్టింది చిన్నాయిన. గొడుగాయనతో సిగరెట్టు తాగింది చిన్నాయిన. మూడు తాళాలున్న తలుపును ఊడదీసింది చిన్నాయిన. పాత అనుమానమంతా బాపు మొహంలోకి ఒక్కసారే వచ్చింది. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను గుంజ వెనకాల నిలబడ్డాను.

బాపు అరవలేదు. మెల్లగా అన్నాడు: "అవ్వ నంబరు ఈ ఇంట్ల నలుగురికే ఎర్క. గుమ్మడికాయ దొంగ ఈడనే ఉన్నడు."

చిన్నాయిన తల తిప్పి వసారా అంతా ఒకసారి చూశాడు. నా దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆయన మొహం ఎందుకో మారింది. మళ్ళీ బాపు వైపు తిరిగి, "నీకట్ల అనిపిస్తె అట్లనే అనుకో అన్నా" అన్నాడు. తువ్వాల దులిపి భుజం మీద వేసుకుని మెట్లు దిగాడు.

అంతే. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఏడాది కాగానే హాలు కొత్త కమిటీ చేతిలోకి పోయింది. తలుపుకు ఎన్ని తాళాలు వేశారో మేం అడగలేదు. చిన్నాయిన పిల్లల్ని తీసుకుని ఊరి అవతలి చివరికి పోయాడు. దారిలో ఎదురుపడితే బాపు సందు మార్చేవాడు. బాపు పోయిన రోజు చిన్నాయిన వచ్చి, వాకిట్లో నిలబడి, ఎవరూ పిలవకపోయినా పాడె ఒక కొస పట్టుకున్నాడు. చెరువులో మునిగి, తడి బట్టలతోనే వెళ్ళిపోయాడు. నేను నోరు తెరవలేదు. పన్నెండేళ్ళప్పుడు దెబ్బలకు భయం. ఇరవయ్యేళ్ళప్పుడు సిగ్గు. ఆ తర్వాత అలవాటైపోయింది. చీటీని గొడుగాయనే ఎత్తుకుపోయి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. నేను పాల పాకెట్టు మీది తారీఖును నమ్మను, తూకం రాళ్ళను నమ్మను, మర్యాదగా మాట్లాడేవాణ్ణి అసలే నమ్మను. ఇన్ని అనుమానాలు పెట్టుకున్నది, అసలు దొంగ ఎవరో నాకు తెలుసు కనకనే.

మొన్నటి పెళ్ళి ఆ చిన్నాయిన మనవరాలిదే. ఆ కన్వెన్షన్ హాలు ఉన్నది ఆ మడిలోనే. చేతులు మారి మారి ఎవరిదైందో నాకు తెలియదు. తివాచీ మీద నిలబడి, రోడ్డు ఎటు, చెరువు ఎటు అని ఆనవాలు పట్టుకుని బావి ఎక్కడుండేదో వెతుక్కున్నాను. ఐస్‌క్రీం పెట్టిన బల్ల దగ్గర తేలింది. ప్లాస్టిక్ ఆకుల పందిరి కింద పెళ్ళి జరుగుతోంది. ఏ వాసనా లేదు.

చిన్నాయిన ఒక పక్కన మెత్తటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెవులు సరిగా వినపడవు, కళ్ళు మాత్రం అవే. పక్కన కూర్చుని, దగ్గరగా వంగి, యాభై ఏళ్ళుగా దాచుకున్న మాట చెప్పాను.

"చిన్నాయినా, గుమ్మడికాయ కింద నిజం నంబరు రాసింది నేనే."

ఆయన ఆశ్చర్యపోలేదు. పెళ్ళికూతురి వైపే చూస్తూ అన్నాడు. "ఎర్కనే బిడ్డా. ఆ చీటీ తీసింది నేనే. దాంతోనే బీడీ ముట్టిచ్చిన. మంచిగ రాసినవు, కాల్చబుద్ధి కాలే."

మీ అన్నకు ఒక్క మాట చెబితే అయిపోయేది కదా, యాభై ఏళ్ళు దొంగ అనిపించుకున్నావు కదా అన్నాను. ఆయనకు ఎలా వినపడిందో.

"తమ్ముని మీద అనుమానం పెట్టుకొని మనిషి బతుకుతడు" అన్నాడు. "బిడ్డ మీద పెట్టుకొని ఎట్ల బతుకుతడు?"

నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నవ్వుతున్నట్టుగా చెప్పాడు. చీటీ చూసినప్పుడు నోటికొచ్చిన అంకె అనుకునే పక్కకు పెడదామనుకున్నాడట. నంబరు గుర్తుపట్టి, ఎవరి కంటా పడొద్దని కాల్చేశాడట. అవ్వే మనసు మార్చుకుని రాయించిందేమో అనుకున్నాడట. వసారాలో ఆ మధ్యాహ్నం దాకా నా అంతట నేనే రాశానని మాత్రం అనుకోలేదట.

"మీ బాపు గుమ్మడికాయ దొంగ అన్నడు సూడు. గుంజెనక నిలవడి నువ్వు భుజం తుడుచుకున్నవు."

నాకది గుర్తు లేదు. ఇన్నేళ్ళలో ఆ మధ్యాహ్నాన్ని వెయ్యిసార్లు తలుచుకున్నాను, నా చెయ్యి కదిలినట్టు ఒక్కసారీ గుర్తు రాలేదు.

చిన్నాయిన చెయ్యి చాపాడు. నా పట్టుచీర భుజం మీద, అక్కడేమీ లేకపోయినా, రెండుసార్లు మెల్లగా దులిపాడు.

"పొయ్యింది తియ్యి. పో, బువ్వ తిను" అన్నాడు.